ముసలి ఎద్దు వంతు గడ్డి

కార్తికము ముగియు వేళకు వరంగల్లు ప్రాంతమున వానకాలపు వరికోతలు ముమ్మరముగా సాగును. పూర్వము కొడవలితో కోసిన పనలు మడిలో ఎండి, కల్లమునకు చేరి, గింజ రాలిన పిమ్మట నిడుపాటి గడ్డి ఇంటివెనుక వాముగా లేచెడిది. వాము ఎత్తునుబట్టి ఆ ఇంటి ఎడ్ల సంఖ్యను ఊహింపవచ్చును. నేడు పెక్కు పొలములను యంత్రము కోయుచున్నది. గింజ ట్రాలీలో పడును. గడ్డి తునకలై, చక్రముల క్రింద నలిగి, చేనిలోనే బారులుగా మిగులును. దానిని మరియొక యంత్రముచే కట్టలు కట్టించి ఇల్లు చేర్చుటకు వేరుగా సొమ్ము కావలెను. సొమ్ము లేనివాడును, యాసంగి నాట్లకు తొందరపడువాడును దానికి నిప్పు పెట్టుచున్నారు. దున్నుటకు ట్రాక్టరు వచ్చినది. కొట్టములో మాత్రము పదునైదేండ్ల ఎద్దు ఒకటి మిగిలియున్నది. దానికి మేత ఎవరు పెట్టవలెను, ఏల పెట్టవలెను?

ఈ ప్రశ్నను మాటలతో తేల్చుట సులభము; లెక్కవేసిన గాని దాని బరువు తెలియదు. ఒక ఎద్దునకు దినమునకు ఏడెనిమిది కిలోల ఎండుమేత కావలెను. ఏడాదికి ఇంచుమించు 27 క్వింటాళ్ళు. ఎకరపు వరిచేనిలో వచ్చు గడ్డి సుమారు 20 క్వింటాళ్ళు. అనగా పని మానిన ఒక్క ఎద్దు ఎకరమున్నర గడ్డిని తినును. పళ్ళరిగినది గనుక గట్టి గడ్డిని నమలలేదు. తునకలు చేసి, తడిపి, తవుడు చల్లి పెట్టవలెను. రెండెకరముల కౌలురైతునకు, పిల్లల చదువు, వడ్డీ, ఎరువుల అప్పు తలపై నుండగా, ఇది చిన్నమాట కాదు. అందుచే అతడు దానిని పశువుల అంగడికి తోలుకొనిపోవును. కొనువాడు దున్నుకొనుటకే కొనుచున్నాడని తనకు తాను చెప్పుకొనును. ఆ మాట నిజము కాదని తోవలో ఎద్దు పలుపు పట్టుకొని నడచినంతసేపు అతనికి తెలియుచునే యుండును.

న్యాయస్థానములును ఈ ప్రశ్నతో పెనగులాడినవి. 1958లో సుప్రీంకోర్టు ఆవుల వధను పూర్తిగా నిషేధించుట చెల్లుననియు, పనికి రాకుండ పోయిన ఎడ్లను కూడ చంపరాదనుట సమంజసము కాదనియు తీర్పు చెప్పెను. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టమును ఆవులను పూర్తిగా కాపాడి, ఎడ్ల విషయమున మాత్రము పనికిరావను ధ్రువపత్రమునకు చోటిచ్చెను. 2005లో గుజరాత్ చట్టముపై ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వెనుకటి తీర్పును త్రోసిపుచ్చెను. పేడయు మూత్రమును ఉన్నంతకాలము ఎద్దు నిరుపయోగము కాదని అది చూపిన కారణములలో ఒకటి. మొదటి తీర్పు ఎద్దును విడిచినది, రెండవది కాచినది. కాని రెండును దానిని తూచిన తక్కెడ ఒక్కటే. అది ఉపయోగము. పేడకంటె చవుకగా ఎరువు దొరకిన నాడు ఆ తక్కెడ ఏమి చెప్పును?

వీరశైవునకు ఈ తక్కెడ చాలదు. బసవ యను పేరే వృషభ శబ్దమునకు తద్భవము. పాలకుర్తివాడైన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఆ మహనీయుని నందీశ్వరుని అవతారముగా వర్ణించెను. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభముల గుడి నందిని చూచి చేతులు జోడింపని వారుండరు. కాని ప్రతిమకు చేయు ఉపచారమును, ఎదుట ప్రాణముతో నిలచిన జీవికి చేయు అపచారమును ప్రక్కప్రక్కన నిలిపి లోకమును ప్రశ్నించినవాడు బసవేశ్వరుడే గదా. నంది మెడలో దండ వేసి, అదే వారము ముసలి ఎద్దును అంగడికి తోలిన ఇల్లు ఆ ప్రశ్నను తప్పించుకొనలేదు.

ఎద్దు జీవితకాలము చేసినది కాయకమా? కాయకమునకు ఎరుక కావలెను, ఇష్టము కావలెను. ముక్కుతాడు బిగించి, ములుగర్రతో పొడిచి చేయించినది కాయకము కానేరదని పండితులు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సరియైనదే. అయితే దానివలన మనుష్యుని ఋణము తగ్గదు సరికదా, పెరుగును. ఇష్టపడి పనిచేసినవానికి ఆ పనియే కొంత ఫలము. ఇష్టము అడుగకుండ పదేండ్లు కాడి మోయించుకొన్న జీవికి ఆ ఫలము కూడ లేదు. దానికి ముట్టవలసినదంతయు మేతరూపముననే ముట్టవలెను. కనుక ముసలి ఎద్దునకు వేయు గడ్డిని దానమనుట తగదు. దానములో ఇచ్చువాడు పైన నుండును. దాసోహములో ఇచ్చువాడే దాసుడు. బాకీ తీర్చువానికి పుణ్యము లెక్కించుకొను హక్కు ఎక్కడిది?

బాకీ అన్నప్పుడు బాకీదారుడెవడో చూడవలెను. ఆ ఎద్దు దున్నిన మడి బియ్యమును రైతు ఒక్కడే తినలేదు. పట్టణమువారు తినిరి, మఠములలో దాసోహపు పంక్తిని కూర్చున్నవారు తినిరి. అందరు తిన్నదానికి కౌలురైతు ఒక్కడే బాకీ తీర్పవలెననుట అన్యాయము. అంగడిలో కొన్నవానిని దూషించుట మరింత సులువు. అప్పు ఇచ్చి ఒత్తిడి చేసిన చేతిని ఎవరును దూషింపరు. కోతలనాడు చేలలో పొగ లేచుచుండగా, ఎండకాలమున మేత లేదని ఎద్దును అమ్ముట జరుగుచున్నది. గడ్డి లేక కాదు, దానిని కూడబెట్టు చేయి లేక. భూమియు, కొట్టమును గల మఠములు, కలిగిన కుటుంబములు ఆ కట్టలు కట్టు ఖర్చును భరించి, ఊరికొక వామును నిలిపిన యెడల, రైతు తన ఎద్దును తన కొట్టములోనే ఉంచుకొనగలడు. వెండి తొడుగునకు చందాలు ఎత్తుటకంటె ఇది కష్టమైన పని కాదు, పేరు రాని పని మాత్రమే.

అట్లని కట్టివేసి గడ్డి పడవేసినంత మాత్రమున సరిపోదు. చీకటి కొట్టములో, పుండుపై ఈగలు ముసరగా, నీళ్ళ తొట్టి ఎండిపోగా బ్రతికించుట కాపాడుట కాదు. దానికి పగటి ఎండలో నాలుగడుగులు నడక, కాళ్ళక్రింద పొడినేల, పిలిచిన వచ్చు పశువైద్యుడు కావలెను.

ఏరువాక పున్నమనాడు ఇప్పుడు ట్రాక్టరునకు కూడ బొట్టుపెట్టి దండ వేయుచున్నారు; తప్పులేదు. యాసంగి గడ్డి మాత్రము ఆ పండుగకు మునుపే, వైశాఖపు గాలివానకు తడియకముందే వాముకెక్కవలెను. తడిసిన గడ్డి బూజు పట్టును; పళ్ళరిగిన ఎద్దు దానిని మూతితో త్రోసివేయును.