పరోపకారము బలమా, దౌర్బల్యమా?

పరోపకారము పుణ్యమని మనము బాల్యమునుండి వినుచున్నాము. అయినను అది మనుష్యసంఘమునకు బలమును చేకూర్చునా, ఉన్న బలమును హరించునా యని నిలిచి విచారించువారు కొందరే. పుణ్యమని విని చేయుట యొకటి, మేలని యెరిగి చేయుట వేరొకటి. విని చేయువాడు కష్టము వచ్చినపుడు విడిచిపెట్టవచ్చును. ఎరిగి చేయువాడు అంత సులభముగా విడువడు. కావున ఈ ప్రశ్నను దాటవేయక, ప్రతిపక్షమువారి మాటలను గూడ ఆలకించి, మాకు తోచినంతవరకు పరిశీలింపబూనితిమి.

విచారమునకు ఆధారముగా హైదరాబాదు నగరపు పడమటి దిక్కును గైకొందుము. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ అను భవనము 1998వ సంవత్సరమున ప్రారంభింపబడెను. నాటినుండి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములలో బండలు నిండిన నేలమీద అద్దపుమేడలు లేచినవి. ఆ ప్రాంతమునకు సైబరాబాదను పేరు స్థిరపడినది. తెలుగు జిల్లాలన్నిటినుండియు చదువుకొన్న యువతీయువకులు జీవనమునకై అచ్చటికి చేరుచున్నారు. పలు కంపెనీలలో ఏటేట ఒక్కొక్కరి పనిని తోడివారి పనితో పోల్చి జీతమును, హోదాను నిర్ణయించుట కలదు. అట్టిచోట నొక యువకుడు, "పొరుగు బల్లవానికి తోడుపడిన గంట నా లెక్కలో తరుగే గదా!" యని తలచినచో, వానిని స్వార్థపరుడని నిందించి ఊరకుండుట న్యాయము కాదు. వానికి సమాధానము చెప్పవలెను.

పరోపకారము దౌర్బల్యమనువారి పూర్వపక్షము మూడు విధములు. మొదటిది: ప్రకృతిలో బలవంతుడే నిలుచును, ఇతరులకై తన శక్తిని వెచ్చించువాడు వెనుకబడును, అట్టివారు హెచ్చిన సంఘమును వారితోపాటు క్షీణించును. రెండవది: దానము పుచ్చుకొనువానిని సోమరిగను, పరాధీనునిగను చేయును. మూడవది: దాత హృదయము నెవరు చూచిరి? పేరుకొరకో, తన తప్పును కప్పుకొనుటకో దానము చేయువారు లేరా? ఈ మూడింటిలోను కొంత నిజము కలదు గనుకనే వీనిని తేలికగా త్రోసివేయరాదు.

డార్విను పేరు చెప్పి మొదటి వాదమును బలపరచువారు ఆయన వ్రాసినదంతయు చదివినవారు కారు. మనుష్యుని పుట్టుకను గూర్చి 1871లో ఆయన ప్రకటించిన గ్రంథమునందే ఈ చిక్కు చర్చింపబడినది. తోడివారికై ప్రాణమొడ్డువానికి సంతానము తక్కువగా మిగులవచ్చుననియు, అయినను ఒకరికొకరు సాయపడ సిద్ధముగా నుండువారు హెచ్చుగా గల తెగయే ఇతర తెగలను మించుననియు ఆయన యభిప్రాయము. అనగా ఒక్కనికి నష్టముగా కనబడునది సమూహమునకు బలము కావచ్చును.

ఇందుకు సాక్ష్యము సైబరాబాదు మేడలలోనే కలదు. కంప్యూటరు ప్రోగ్రాములను ఎల్లరును స్వేచ్ఛగా వాడుకొనుటకును, మార్చుకొనుటకును వీలుండవలెనని రిచర్డ్ స్టాల్‌మన్ అను నాయన 1983లో గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. 1991లో హెల్సింకి నగరమునందలి విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ తాను వ్రాసిన లినక్సును లోకమునకు వెల్లడిచేసెను. తరువాత దేశదేశములవారు, కొందరు జీతముమీదను, కొందరు ఉచితముగను, దానికి మెరుగులు దిద్దిరి. నేడు ఇంటర్నెట్టును నడుపు సర్వర్లలో అధికభాగము దానిమీదనే నడచుచున్నవి. మన యువకుడు తాను చూడనివారు ఊరక ఒసగిన పనిమీద తన పనిని కట్టి జీతము పొందుచున్నాడు. అతడు పోటీపడు మేడకు పునాది పరుల యీవియే.

అయితే ఆ పునాది బీటలు వారిన సందర్భములను దాచిపెట్టరాదు. 2014లో ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను ప్రోగ్రాములో హార్ట్‌బ్లీడ్ అను పెద్ద లోపము బయటపడెను. ఇంటర్నెట్టులో రహస్యముగా సాగవలసిన వ్యవహారములకు లోకమంతయు దానినే నమ్ముకొని యుండగా, దానిని కనిపెట్టి చూచువారు చేతివ్రేళ్లపై లెక్కింపదగినవారు. వారికి చేరుచుండిన ధనము స్వల్పము. 2024లో ఎక్స్‌జెడ్ అను మరియొక చిన్న ప్రోగ్రామునకు సంబంధించిన మోసము తెలియవచ్చెను. జీతము లేకయే దానిని సంరక్షించుచు అలసియున్న వానికి సాయము చేయుదునని చేరిన యొకడు రెండేండ్లకు పైగా నమ్మకము సంపాదించి, అందులో దొంగదారి నమర్చెను. యంత్రము అర సెకను ఆలస్యముగా పలుకుట గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు కారణము వెదకి దానిని పట్టుకొనెను. ఇచ్చట దౌర్బల్యమెవరిది? ఇచ్చినవాని దందుమా? కోట్లు గడించుచు వానివైపు కన్నెత్తి చూడని పుచ్చుకొన్నవారి దందుమా? పరోపకారముపై జీవించుచు దానిని పోషింపని సంఘమే దుర్బలము.

ఇక రెండవ వాదము. 2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌను విధింపబడగా మేడలు కట్టు కూలీల పని ఒక్కసారిగా నిలిచిపోయెను. గేటెడ్ కమ్యూనిటీలవారిలో పలువురు అన్నపు పొట్లములను, బియ్యమును పంచిరి. వారి దయను మేము తక్కువచేయము. ఆకలిగొన్నవానికి ఆ పూట అన్నమే పరమోపకారము. కాని ఏప్రిలు 29వ తేదీన సంగారెడ్డి జిల్లా కందిలో, హైదరాబాదు ఐఐటీ కట్టడములలో పనిచేయుచుండిన పరరాష్ట్రపు కూలీలు తమ కూలిని, తమ యూరి ప్రయాణమును కోరుచు వెలికివచ్చిరి. మే 1వ తేదీన తెల్లవారుజామున లింగంపల్లి స్టేషనునుండి జార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మందితో ఒక రైలు బయలుదేరెను. లాక్‌డౌనులో వలసకూలీలను ఇండ్లకు చేర్చిన శ్రామికుల రైళ్లలో అదియే మొదటిది.

ఆ కూలీలు కోరినదేమి? భిక్ష కాదు, తమకు రావలసినది, తాము పోవలసిన చోటు. కూలి బాకీయుండగా పెట్టిన అన్నము బాకీని తీర్చదు. న్యాయమునకు మారుగా వచ్చు దయ పుచ్చుకొనువానిని క్రుంగదీయుననుట నిజమే. పూర్వపక్షమువారు ఆ దయను చూచియే దయనంతటిని నిందించుచున్నారు. న్యాయమునకు తోడుగా వచ్చు దయ వేరు. అది వానిని తన కాళ్లమీద నిలిపి తాను తొలగును. సోమరితనము దయవలన పుట్టునది కాదు. ఎల్లకాలము చేయి చాచియుంచు ఏర్పాటువలన పుట్టును.

మూడవ వాదము అన్నిటికంటె కఠినమైనది; దానికి మన నగరమే తగిన దృష్టాంతము నొసగినది. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు గారి పూనికచే 2005 ఆగస్టు 15వ తేదీన 108 అంబులెన్సు సేవ హైదరాబాదునుండి ప్రారంభమయ్యెను. దారిలో పడియున్న గాయపడినవానిని, పురిటినొప్పులు పడు పల్లెపడుచును, ఎవరు ఏమి యని యడుగక ఆసుపత్రికి చేర్చు ఏర్పాటది. 2009 జనవరి 7వ తేదీన అదే పెద్దమనిషి తమ కంపెనీ లెక్కలలో 7,000 కోట్ల రూపాయలకు పైబడిన మోసము జరిగినదని లేఖ వ్రాసి ఒప్పుకొనిరి. 2015లో ప్రత్యేక న్యాయస్థానము వారిని దోషిగా నిర్ణయించెను. వారు అప్పీలు చేసికొనగా శిక్ష అమలు నిలుపబడెను. వాటాదారులు నష్టపోయిరి, వేలకొలది యుద్యోగులు రేపేమగునో యని కలతచెందిరి.

ఈ కథనుండి రెండు తప్పు నీతులు తీయవచ్చును. ధర్మము చేసెను గనుక తప్పు తేలికయగునని ఒకరందురు. తప్పు చేసెను గనుక ధర్మమంతయు కపటమని మరియొకరందురు. రెండును సరికావు. అంబులెన్సు ఎన్ని ప్రాణములు కాచినను వాటాదారుని సొమ్ముకు జమ కాదు. లెక్కలు ఎంత దొంగవైనను అంబులెన్సులో బ్రతికినవాని బ్రతుకు దొంగది కాదు. 2009లోనే ఆ సేవ వేరొకరి నిర్వహణలోనికి పోయెను. ప్రభుత్వ ధనముతో సాగెను. నేడు పెక్కు రాష్ట్రములలో నడచుచున్నది. దాత పడిపోయినను దానము నిలిచినది. ఎందుచేత? అది ఒకని దయగా మిగులక, పదిమంది లెక్క యడుగగల సంస్థగా మారినందున. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దాని కొసగుటలోని వివేకమును ఇదియే. దాత హృదయమును మనము చూడలేము, చూడనక్కరయు లేదు. దానపు లెక్కలను చూడవచ్చును, చూచి తీరవలెను.

ఇంతవరకు చేసిన విచారమువలన మాకు స్పష్టమైనది ఒకటి. పరోపకారము మనస్సు కరుగుటతో ఆగినచో దుర్బలము. న్యాయముతో జోడించి, లెక్కకు లోబడి, దాత లేకున్నను నిలుచునట్లు కట్టబడినచో సంఘమునకు అంతకు మించిన బలము లేదు.

ఈ మాటకు సైబరాబాదు పొరుగుననే యొక పరీక్ష కాచుకొనియున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టబెట్టుకొనెను. నాడు అన్నవస్త్రములిచ్చినవారి యుపకారము ఆ కాలముతోనే ముగిసెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహా ననుసరించి వరదను ఆపుటకై గండిపేటలో ఉస్మాన్‌సాగరు 1920లోను, దానికి సమీపమున హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. వానిని కట్టినవారు తాము చూడబోని మనుమల ప్రాణములను కాచిరి. ఆ నీరు తరతరములకు త్రాగునీరయ్యెను. ఆ జలాశయముల చుట్టు 10 కిలోమీటర్లలోపల పెద్ద కట్టడములను, కాలుష్యము కలిగించు పరిశ్రమలను నిషేధించుచు 1996లో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తర్వును చేసెను. 2022లో ఆ నిర్బంధములను సడలించుచు మరియొక ఉత్తర్వు వెలువడెను.

చెరువు కాపాడుడని మేడలలోనుండి పలుకుట మాకు సులభము. కాని ఆ నిర్బంధమువలన తమ భూమికి ధర రాక యిరువదియైదేండ్లు వెనుకబడితిమని చెప్పుకొను రైతులు ఆ 84 గ్రామములలో కలరు. నగరపు దాహము తీర్చుటకు వారిచేత త్యాగము చేయించి, ఆ త్యాగమునకు మనము పరోపకారమని పేరుపెట్టుకొందుమా? తాను చేయునదే పరోపకారము. ఎదుటివానిచేత చేయించునది వానిపై మోపిన భారము. చెరువులు నిలువవలెనని నిజముగా కోరువారము, ఆ భారములో మన వంతును పన్నురూపముననో, పరిహార రూపముననో మోయుటకు ఒప్పుకొనవలెను. ఒప్పుకొనలేనిచో, పరోపకారమును దౌర్బల్యమనువారికి మనము చెప్పిన సమాధానమంతయు వట్టిమాటయే యగును.

చదువరులారా! పొరుగు బల్లవానికి ఒక గంట తోడుపడవలెనా యని సంశయించు యువకునికి మేము చెప్పునది యింతే. నీవు తీసికొన్నదానిని ముందు లెక్కవేసికొనుము. ఆ లెక్క ముగిసినపిమ్మట, ఆ గంట నష్టమో, తీర్చిన బాకీయో నీకే తెలియగలదు.