ఎవరి కొలతకు చేసిన కుర్చీ?

నాన్న పోయిన ఏడాదికి తమ్ముడు ఫోన్ చేశాడు. బూర్గంపాడు దగ్గర ఊళ్లో ఇల్లు అమ్మేస్తున్నాం, సామాన్లలో నీకేం కావాలో చెప్పమన్నాడు. అడిగాడన్న మాటే గాని, అప్పటికే పాత సామాన్లు కొనే ఆయనొకరు హైదరాబాదు నుంచి వచ్చి ఫోటోలు తీసుకెళ్లాడు. భోషాణానికి ఒక ధర, పందిరి మంచానికి ఒక ధర, తాతయ్య పడక కుర్చీకి ఒక ధర. అమ్మకి ధర కట్టేవాళ్లెవరూ లేరు కాబట్టి అమ్మ భద్రాచలంలో నా దగ్గరికి వచ్చింది. కుర్చీ కూడా వచ్చింది. దాన్ని నేనే అడిగి తెచ్చుకున్నాను.

నా ఇల్లు రెండు గదులు. ముందు గది పదడుగులు, పదకొండడుగులు. అందులో రెండు పుస్తకాల అలమరలు, రాసుకునే బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు. వాటి మధ్యకి ఈ టేకు కుర్చీ వచ్చేసరికి తలుపు పూర్తిగా తెరుచుకోవడం మానేసింది. అయినా చూసిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు. వందేళ్లు దాటితేనే యాంటిక్, లోపైతే వింటేజ్ అని ఈ వ్యాపారంలో లెక్కట. మాది 1950ల నాటిది. ఇంకో పాతికేళ్లకు పైగా ఆగితే పెద్ద హోదా వస్తుందన్నమాట.

ఇంటికి నప్పే ఫర్నిచర్ ఎంచుకోవడం ఎలా అని ఆదివారం అనుబంధాల్లో వ్యాసాలు వస్తుంటాయి. గోడ రంగు చూసుకోండి, వెలుతురు చూసుకోండి, పాతది ఒకటి కొత్తవాటి మధ్య పెట్టండి అంటారు. ఇల్లంటే గోడలే కాబోలు. ఆ ఇంట్లో ఎవరు కూర్చుంటారు, ఎవరు తుడుస్తారు, ఎవరు ఎప్పుడూ నిలబడే ఉంటారు అన్నవి ఆ కొలతల్లోకి రావు.

పడక కుర్చీని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? వీపు బాగా వెనక్కి వాలి ఉంటుంది. సీటు కిందికి ఉంటుంది. చేతులు మామూలు కుర్చీకున్నట్టు మోచేతి దగ్గర ఆగవు, ముందుకి రెండడుగులు సాగుతాయి. కాళ్లు చెరోవైపు ఆ చేతుల మీద చాపుకోవడానికి. పంచె కట్టుకున్న మగవాడు, వసారాలో, నలుగురూ చూస్తుండగా కాళ్లు బారజాపి పడుకునేటట్టు చేసిన వస్తువది. చీర కట్టుకున్న మనిషి అందులో అలా కూర్చోలేదు. కూర్చుంటే సిగ్గులేనిదంటారు. ‘ఆడవాళ్లు కూర్చోరాదు’ అని దాని మీద ఎవరూ రాయలేదు. రాయాల్సిన పని లేకుండా వడ్రంగి చేతిలోనే అది అయిపోయింది.

అమ్మ ఆ కుర్చీని నలభై ఏళ్లు తుడిచింది. మొదట తాతయ్య కోసం, తర్వాత నాన్న కోసం. ఇక్కడికొచ్చాక మొదటి రోజు సాయంత్రం కూర్చోమన్నాను. “దాంట్లోనా? ఎన్నడన్నా కూసున్నానా తల్లీ?” అని నవ్వి, గుమ్మంలో కింద చతికిలబడింది. మోకాళ్లు అరిగిపోయిన మనిషి. కింద కూర్చుంటే లేవడానికి గోడా, నేనూ ఇద్దరం కావాలి.

పందిరి మంచం నేను అడగలేదు. దాని నాలుగు కోళ్ల నిండా లతలూ చిలకలూ చెక్కి ఉంటాయి. చిన్నప్పుడు సెలవుల్లో ఆ చిలకల ముక్కుల్లో దుమ్ము తీసే పని నాది. పాత గుడ్డ చీపురుపుల్లకి చుట్టి, కొబ్బరినూనె అద్ది, ఒక్కొక్క ఈకా తుడవాలి. ఒక పూట పట్టేది. తమ్ముడు ఆ పూట గోదావరి ఒడ్డున క్రికెట్ ఆడేవాడు. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లలుకుతూ అలుకుతూ ఆ ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. ఆ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు చిలకల ముక్కులే గుర్తొచ్చాయి. పాత ఫర్నిచర్ అందం గురించి మాట్లాడేవాళ్లు దుమ్ము గురించి కూడా మాట్లాడితే బాగుంటుంది.

కొత్తవాటి కథ వేరు. నాతో పనిచేసే ఒకావిడ, తేలికగా ఉంటాయని, తుడవడం సులువని, సోఫా, టీవీ బల్ల, మంచం అన్నీ చెక్కపొట్టు జిగురుతో నొక్కి చేసిన పలకలవి కొనుక్కుంది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది. యాభై మూడు అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. నీళ్లు తీసిన తర్వాత వాళ్లింటికి వెళ్తే, ఆ పలకలు నానిన రొట్టెల్లా ఉబ్బి, పట్టుకుంటే పొరలు పొరలుగా ఊడొచ్చాయి. వాయిదాలు మాత్రం ఇంకా మిగిలే ఉన్నాయి. మా కుర్చీ అంతకన్నా పెద్ద వరదే చూసింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చినప్పుడు దాన్ని దూలానికి తాళ్లతో కట్టి, మనుషులు గుట్ట మీదికి పోయారట. దూలం దాకా నీళ్లొచ్చి పోయాయి, కుర్చీకి ఏమీ కాలేదు. ముందు కుర్చీ కట్టి తర్వాత కోళ్లగంప ఎత్తారని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. అప్పటికి ఆమె కొత్త కోడలు. ఆమె సారెతో తెచ్చిన ఇనుప బీరువా వరదలో తుప్పు పట్టింది. దాని తాళంచెవి ఎలాగూ ఆమె దగ్గర ఉండేది కాదు.

అయితే టేకు గట్టిదన్న మాట దగ్గర ఆగిపోదామనుకున్నాను. ఆగనివ్వలేదు మా కాలేజీలో నాతో పాటు పాఠాలు చెప్పే కోయ అమ్మాయి. ఒక ఆదివారం ఇంటికొచ్చి, కుర్చీ చెయ్యి నిమిరి, “మంచి చావ మేడమ్” అంది. కాసేపాగి, “ఇదే కర్ర మా నాయన ఇంట్లో ఉంటే రశీదేదని అడుగుతారు” అంది. దెప్పి అనలేదు. టీ తాగుతూ మామూలుగా అంది.

రశీదు మా దగ్గర కూడా లేదు. తాతయ్య కలప డిపోలో గుమాస్తా. ఈ కర్ర ఎక్కడిదని నేను చిన్నప్పుడు అడిగితే నాన్న “వచ్చింది” అనేవాడు. కొన్నామనలేదు, వచ్చింది అన్నాడు. ఆడపిల్ల సారెకీ మా ఇళ్లలో ఇదే క్రియ. మంచం వచ్చింది, బీరువా వచ్చింది. ఎవరి దగ్గర నుంచి, ఏం ఖర్చయి వచ్చిందో చెప్పకుండా ఉండడానికి తెలుగులో ఇంత చక్కని మాట ఇంకోటి లేదు.

ఆ రోజుల్లో ఈ అడవుల కలపను తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రి వైపు దించేవారు. గోదావరి ఒడ్డు కొండరెడ్లు కలప వ్యాపారుల అప్పుల్లో చిక్కుకుని చెట్లు నరికి, దుంగలు ఏటికి లాగిన సంగతి హైమెండార్ఫ్ 1945లో ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’లో రాశాడు. పరిశోధన చేసే రోజుల్లో ఆ పుస్తకం ఎవరిదో కథలాగా చదివి నోట్సు రాసుకున్నాను. నోట్సు రాసుకున్న నాకు ఇంట్లో కుర్చీ గుర్తు రాలేదు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురునీ, తునికాకునీ చిన్న తరహా అటవీ ఉత్పత్తులుగా గుర్తించి వాటి మీద ఆదివాసులకు హక్కు ఇచ్చింది. భూమి పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలంది. మంచి మాటే. టేకు మాత్రం ఆ హక్కులోకి రాలేదు.

మరి ఏం చెయ్యాలి? కుర్చీ అమ్మేస్తే హైదరాబాదులో ఏ హోటల్ వరండాలోనో మెరుస్తుంది, కథ ఇంకా శుభ్రంగా తుడుచుకుపోతుంది. మా కొలీగ్‌కి ఇచ్చేద్దామన్న ఆలోచనా వచ్చింది. అదే మాట ఆమెతో అంటే ఫక్కున నవ్వి, “నాకెందుకు మేడమ్, మళ్లీ నన్ను రశీదడగడానికా?” అంది. దానం చేసి తేలికపడదామన్న నా కోరికను ఆ నవ్వు బాగానే పట్టుకుంది. కొత్త టేకు కొనడం అంటే ఇంకో చెట్టు. పలకలు కొంటే వచ్చే వరద దాకానే. ఉన్నదాన్ని వాడడం ఒక్కటే కనిపించింది. కానీ తాతయ్య వాడినట్టు కాదు.

వడ్రంగిని పిలిచాను. చేతులు మోచేతి దాకా ఉంచి కోసెయ్యమన్నాను, వీపు నిలబెట్టి, సీటు పద్దెనిమిది అంగుళాల ఎత్తుకు లేపమన్నాను. ఆయన కుర్చీ చుట్టూ రెండుసార్లు తిరిగి, “కోస్తే దీనికి ధర రాదమ్మా” అన్నాడు. తమ్ముడు ఫోన్లో అదే మాట ఇంకొంచెం గట్టిగా అన్నాడు. తాతయ్య గుర్తును పాడు చేస్తున్నానన్నాడు. గుర్తు ఏం పాడవుతుందో నాకు తెలియలేదు. నాకైతే ఎక్కువే గుర్తుంటోంది.

అమ్మ రంపం ఆడుతున్నంతసేపూ వంటింట్లోంచి బయటికి రాలేదు. డెబ్బై ఏళ్ల కర్ర, కోస్తే ఇంకా పచ్చి టేకు వాసన వచ్చింది. మూడు రోజులు ఆమె కుర్చీ వైపు చూడలేదు. నాలుగో రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఒళ్లో చేట పెట్టుకుని అందులో కూర్చుని గోంగూర వలుస్తోంది. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది. సీటు మరీ గట్టిగా ఉందనీ, వడ్రంగికి డబ్బులు పూర్తిగా ఇచ్చేసి ఉండాల్సింది కాదనీ అంది.