మార్కులు వేసే చేయి

హైదరాబాద్ దగ్గరి మహేశ్వరం పల్లెల్లో చాలా ఇళ్ల నుంచి కాలేజీ గడప తొక్కుతున్న మొదటి తరం ఇప్పటి పిల్లలే. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక చుట్టుపక్కల భూముల ధరలు మారాయి, బతుకుదెరువులు మారాయి. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో, స్కాలర్‌షిప్ ఫారం ఎలా నింపాలో చెప్పే పెద్ద దిక్కు మాత్రం ఎందరో పిల్లలకు ఇప్పటికీ ఒక సారో, ఒక మేడమో. అలాంటి మనిషి మీదికి మనసు పోవడం వింత కాదు, తప్పు అసలే కాదు.

సినిమా ఆ మనసునే పట్టుకుంటుంది. 1992 నాటి ‘సుందరకాండ’లో వెంకటేశ్ పోషించిన లెక్చరర్‌ని విద్యార్థిని ప్రేమిస్తుంది. 2016 నాటి తెలుగు ‘ప్రేమమ్’లో కుర్రాడు లెక్చరర్‌ని ప్రేమిస్తాడు. ఇష్టంగానే చూస్తాం, చూడొచ్చు కూడా. తెర మీద ఇద్దరి మనసులూ మనకు తెలుస్తూనే ఉంటాయి. క్లాసులో అలా తెలియవు. అక్కడ ప్రాక్టికల్ మార్కులు, అటెండెన్స్ ఒకరి చేతిలోనే ఉంటాయి. ఆ చేతికి వద్దని చెప్పడం 16 ఏళ్ల పిల్లకు ఎంత కష్టమో సినిమా చూపకపోయినా ఫర్వాలేదు, టీచరు మరిచిపోకూడదు. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు పిల్లల సమ్మతిని లెక్కలోకి తీసుకోదు. నేరం చేసింది బడి సిబ్బందే అయితే మరింత తీవ్రంగా చూస్తుంది.

ఈ హద్దు మాట మహాభారతంలోనూ ఉంది. ఆదిపర్వంలో కచుడు గురువు శుక్రుడి దగ్గర చనిపోయినవాళ్లను బతికించే మృతసంజీవని విద్య నేర్చి వెళ్లబోతుంటే, గురువు కూతురు దేవయాని పెళ్లాడమంటుంది. గురుపుత్రి తోబుట్టువుతో సమానమని అతను ఒప్పుకోడు. ఆ విద్య నీకు పనిచేయదని ఆమె శపిస్తే, నేను నేర్పినవాళ్లకు పనిచేస్తుందిలే అంటాడు. ఆ జవాబు నాకెంతో ఇష్టం. హద్దు దాటనందుకు అతను నష్టపోయాడు, చదువు నష్టపోలేదు.

అక్కడ హద్దు నిలిపినవాడు శిష్యుడు. మన బడుల్లో ఆ బరువు పిల్లల మీద వేయకూడదు, అది పూర్తిగా పెద్దవాళ్లదే. నోటుబుక్కులో చీటీ పెట్టిన పిల్లను నలుగురిలో నిలబెట్టి తిట్టడం క్రూరత్వం. ఆ చీటీని దాచుకుని మురిసిపోవడం అంతకన్నా క్రూరం. నేను గౌరవించే ఉపాధ్యాయులు తలుపు తెరిచి ఉంచే మాట్లాడతారు, రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పెట్టరు, విషయం హెడ్మాస్టరుకు ముందే చెబుతారు. మర్నాడు ఆ పిల్ల నోటుబుక్కును ఎప్పటిలాగే దిద్దుతారు. అన్నిట్లోకీ కష్టమైనది ఇదే. ఆ పిల్లను సారు దూరం పెట్టాడని తోటి పిల్లలకు అర్థమైనా చాలు, ఊళ్లో మాట పుడుతుంది. మాట పుడితే, ఇంట్లోవాళ్లు బస్ పాస్ లాక్కుని చదువు మాన్పించేది ఆ పిల్లనే.