అంతియొకయ సంఘము పంపిన సహాయము

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 11:26–30, లూకా 13:4–5



హైదరాబాదులో వరద వచ్చినదని వార్త వినబడినప్పుడెల్ల మన గ్రామములలో ఎవరో ఒకరు, అది పట్నపువారి గర్వమునకు దేవుడు పంపిన శిక్ష యని అనుచుందురు. ఆ మాట మన సంఘస్థుల నోటను కూడ వచ్చుట విచారకరము. సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయినప్పుడు వారు తక్కినవారికంటె పాపులని తలంచువారికి మన ప్రభువు కాదని తేటగా చెప్పెను. చచ్చినవారి పాపమును లెక్కించుట మాని మీరు మారుమనస్సు పొందుడని వినువారినే హెచ్చరించెను.

అయినను పట్నములో మునుగువారెవరో చూడుడి. నేడు హైటెక్ సిటీ యనబడు ప్రాంతమున మునుపు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అను పల్లెలుండెను. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత అచ్చట అద్దాల మేడలు లేచినవి. మన బిడ్డలు కొందరు ఆ మేడలలో కంప్యూటరుల యెదుట పనిచేయుచున్నారు. మరి కొందరు ఆ మేడలకే సిమెంటు మోయుచు, రేకుల షెడ్లలో కాపురముందురు. వాన కురిసినప్పుడు పదియవ అంతస్తు తడవదు. సెల్లారులో పండుకొను వాచ్‌మన్ యింటి బియ్యము తడియును.

చెరువు సంగతి మీకు ఒకరు నేర్పనక్కరలేదు. పై చెరువు నిండి అలుగు పారినయెడల ఆ నీరు క్రింది చెరువునకు పోవలెను. పూర్వము గోలకొండ కోటకు నీరిచ్చిన దుర్గం చెరువు ఇప్పుడు ఆ మేడల నడుమనే యున్నది. నీరు పారు కాలువ మీదను శిఖము భూమిలోను ఇండ్లు కట్టి, మిగిలిన నేలను సిమెంటుతో కప్పినయెడల, గట్టి వాన కొద్ది గంటలు కురిసిన చాలును. 2020 అక్టోబరు 13న బేగంపేటలో 24 గంటలలో 19 సెంటీమీటర్ల వాన పడెను. గచ్చిబౌలి పోవు త్రోవలో, టోలిచౌకి వద్ద చెరువు ప్రక్కనున్న నదీం కాలనీలో ఇండ్లు అనేక దినములు నీటిలోనే నిలిచినవి.

ప్రభుత్వము అప్పుడు కుటుంబమునకు 10,000 రూపాయలు ఇచ్చెదమని ప్రకటించెను. అనేకులకు ఇచ్చెను కూడ. నిజముగా మునిగినవారిలో తమకు అందలేదని మొరపెట్టినవారును అనేకులే. వారు మీసేవ కేంద్రముల యెదుట బారులు తీరి నిలిచియుండగా, నగరపాలక ఎన్నికల కారణమున నవంబరు 18న పంపకము ఆగిపోయెను. అద్దె గదిలో నున్న కూలివాడు ఇట్టి జాబితాలో తన పేరెట్లు వ్రాయించుకొనును? వాని కార్డు సొంత ఊరిలో నుండును, లేదా నీటిలో పోయియుండును. సంఘము వెదకవలసినది వానినే.

అంతియొకయవారిని చూడుడి. శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనబడినది ఆ ఊరిలోనే. ఆ సంగతి వ్రాయబడిన వెంటనే వారు యూదయకు కానుక పంపిన సంగతి వ్రాయబడినది. కరవు రాబోవుచున్నదని అగబు చెప్పగా వారు కారణములు విచారించుచు కూర్చుండలేదు. ప్రతివాడును తన శక్తికొలది ఇచ్చెను. అది ధనవంతుల చందా కాదు. మన పల్లెలో పిడికెడు బియ్యము తీసిపెట్టు తల్లి ఆ వరుసలోనే యున్నది.

వారు యూదయలోని సహోదరులకు పంపిరి గనుక మనమును క్రైస్తవులకే పంపవలెనని కొందరనవచ్చును. దానికి జవాబు మంచి సమరయుని ఉపమానములోనే యున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని కొట్టుకొనిపోయినప్పుడు, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనున్న చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రదికిరి. ఆ కొమ్మల మీద ఎవరి మతమును ఎవరడిగిరి?

ఏమి పంపవలెను? మొదటి దినమున వండిన అన్నము, త్రాగునీరు కావలెను. వాటిని దగ్గరనున్న సంఘములే ఇయ్యగలవు. దూరమున నున్న మనము తరువాతి వారములకు సిద్ధపడవలెను: దుప్పట్లు, వంటపాత్రలు, పిల్లల పుస్తకములు, కూలి పోయిన దినములకు బియ్యము. చినిగిన బట్టలు మూటగట్టి పంపుట కానుక కాదు, మన యిల్లు ఊడ్చుకొనుట. పోయిన కార్డునకు మరల దరఖాస్తు వ్రాసిపెట్టు చదువరి యౌవనస్థుడొకడు వెళ్లిన, అదియు కానుకయే.

అంతియొకయవారు తమ సొమ్మును బర్నబా సౌలుల చేత పంపిరి. తరువాత పౌలు సంఘముల కానుకను మోయునప్పుడును ఎవరును తప్పు పట్టకుండ తోడుగా ఇతరులను పెట్టుకొనెను (2 కొరింథీ 8:18–21). గనుక మీ సంఘమును ఇద్దరిని ఏర్పరచవలెను. వారు తిరిగివచ్చిన ఆదివారమున ఎవరికి ఏమి ఇచ్చిరో లెక్క చదివి వినిపింపవలెను. వారి బస్సు చార్జి సంఘపు పెట్టెనుండి ఇయ్యుడి. వరద కానుకలోనుండి తీయకుడి.