నింపాదిగా ఆలోచించినవాడు

తొందరపడ్డవాడు చెడతాడని, నింపాదిగా ఆలోచించినవాడు బాగుపడతాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. 2023 ఎండాకాలం తర్వాత ఆ మాట నాకు సగమే మింగుడుపడుతోంది.

2022 మొదట్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి క్వింటాలు 10,000 రూపాయలు దాటింది. ఆ ధర చూసిన కళ్లకు మరుసటి పంటకు పలికిన ఎనిమిది వేలు ఆనలేదు, పొడవు పింజకు మద్దతు ధర 6,380 అయినా సరే. పెద్దవంగరలో మామ ఒకాయన పత్తిని ఇంట్లోనే పోశాడు. దుడుకు మనిషి కాదు. పేపరు చదివి, ఫోన్లో ధరలు చూసి, నలుగురినీ అడిగి, లెక్క వేసుకుని ఆగాడు. పక్కింటాయనకు ఆలోచించే వీలే లేదు. విత్తనాలకూ మందులకూ అప్పిచ్చిన సేటు వచ్చి కాంటా పెట్టి పట్టుకుపోయాడు. ఆ తర్వాత ధర దిగుతూ పోయింది. ఆలోచించలేనివాడికే మంచి ధర పడింది.

అలాగని ఆలోచన దండగ అనలేను. ధర లేచి ఉంటే ఆ మామనే ముందుచూపున్నవాడు అనేవాళ్లం. పక్కింటాయన అమ్మింది గతిలేక. నిదానం అనేది బుద్ధి కన్నా ముందు జేబుకు సంబంధించిన సంగతేమో.

అయినా ఆ ఇంటి మాటలు నన్ను వదలవు. గది నిండా పత్తి, మంచాలు వాకిట్లో. పత్తి దుమ్ముకు అత్త చేతులు దద్దుర్లు తేలాయి. ధర కాస్త పెరిగితే మామ, "చూసినవా, లేస్తున్నది, ఆగుదాం" అనేవాడు. పడితే, "అందరు ఆపుకున్నరు, సరుకు లేక మళ్ల లేస్తది" అనేవాడు. ఒకరోజు అత్త గోక్కుంటూనే అడిగింది: "ఎంతొస్తె అమ్ముతవ్? ఎంతకు పడితె అమ్ముతవ్? రెండిట్ల ఒక్కటన్న చెప్పు."

మామ దగ్గర కారణాలు బోలెడు. అంకె మాత్రం లేదు.

లోపం నష్టంలో లేదు. పెరిగినా పడినా ఆగడానికే కారణం దొరకడంలో ఉంది. లాభం వచ్చినా అది లోపమే, కాకపోతే కనపడేది కాదు. చదువుకున్నకొద్దీ మనకు ఈ విద్య బాగా అబ్బుతుంది: కోరికకు సాక్ష్యాలు పోగేయడం. అత్త ధరలు చూడలేదు, లెక్కలు వేయలేదు. ఆయన మనసు ఎక్కడ మారుతుందో అడిగింది, అంతే. ఒంటరిగా ఎంతసేపు కూర్చున్నా ఆ ప్రశ్న మనకు మనం వేసుకుంటామా అన్నదే నా అనుమానం.

నిదానం మంచిదే అంటాను ఇప్పటికీ. కాకపోతే, పక్కన గోక్కుంటున్న మనిషి మాట చెల్లే ఇంట్లోనే.