ఎవరి నిమ్మళం కోసం ఆ మాత్ర?

హైదరాబాద్‌లో ఆబిడ్స్ సందుల్లోనో నాంపల్లిలోనో ఒక వృద్ధాశ్రమం ఉందనుకుందాం. మతిమరుపు ముదిరిన పెద్దావిడకు స్నానం చేయిస్తూ కుడికాలు చాపగానే, ఆమె ఆయా మణికట్టు పట్టుకుని కొరకబోతుంది. "మొండికేస్తున్నది" అంటుంది ఆయా. రాత్రికి నిద్రమాత్ర పడుతుంది, గది సద్దుమణుగుతుంది. మరి ఆమెను కొరకబోయేలా చేసిన మోకాలి నొప్పి తగ్గిందా?

ఈ ప్రశ్న మనకెందుకు తట్టదు? నొప్పిని మాటతోనే తెలుసుకోవడం మనకు అలవాటు. నాంపల్లి పక్కనే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగంలో మార్ఫిన్ ఇస్తారు. అక్కడి రోగి సలుపో పోటో చెప్పగలిగితే డాక్టరుకు దారి దొరుకుతుంది. మరి మాట పోయినవారికి? చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదనుకోరాదని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020 నిర్వచనంలోనే రాసుకుంది. మతిమరుపు ముదిరినవారి నొప్పిని అంచనా వేయడానికి 2003లో వచ్చిన పెయినాడ్ కొలత ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి బిగువు, ఓదారిస్తే ఊరుకోవడం అనే ఐదింటిని చూసి, ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు అంకె వేస్తుంది.

అయితే ముఖం చిట్లించడానికి భయమో ఆకలో కారణం కావచ్చు గదా? న్యాయమైన సందేహమే. అది తీరాలంటే డాక్టరు సలహాతో నొప్పి మందు ఇచ్చి చూడాలి. నార్వేలో 18 నర్సింగ్ హోముల్లో 352 మంది మతిమరుపు రోగులపై చేసిన పరిశోధన 2011లో వెలువడింది. 8 వారాలు పద్ధతిగా నొప్పికి వైద్యం అందినవారిలో అలజడి తగ్గింది, ఆపితే మళ్లీ పెరిగింది. ఎక్కువమందికి ఇచ్చింది మామూలు పారాసిటమాలే.

"ఎలాగూ గంటలో మరిచిపోతుంది" అంటారు కొందరు. మత్తివ్వకుండా పన్ను పీకి, ఆ జ్ఞాపకం తర్వాత చెరిపేస్తామంటే మనం ఒప్పుకుంటామా? అనుభవించాల్సిన కర్మ అనేవారూ ఉన్నారు, నాంపల్లి యూసుఫైన్ దర్గాలో దువా చేసేవారూ ఉన్నారు. నమ్మకం ఓర్పునిస్తే మంచిదే. కానీ ఓర్చుకోవాలా వద్దా అన్నది నొప్పి పడుతున్న మనిషే తేల్చుకోవాలి. ఆవిడ తేల్చుకోలేని స్థితిలో ఉంటే, ఓర్పును ఆవిడ మీద రుద్దే అధికారం మనకెక్కడిది?

మీవాళ్లు ఏదైనా ఆశ్రమంలో ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు, వాళ్లను పక్కకు తిప్పుతుండగా ముఖం చూడండి. నిద్రమాత్ర రాసేముందు నొప్పి కోసం పరీక్షించారా అని డాక్టరును అడగండి.