చదువురాని నేరము

బాలుడు చదువకుండుట వేఱు, చదువలేకుండుట వేఱు. ఈ భేదమును మన భాష ఒక్క మాటతో తెలుపుచున్నది గాని, మన బడులు చిరకాలము దానిని గుర్తింపలేదు. రెండింటికిని బెత్తమే సమాధానము. వీధిబడులలో కోదండమెక్కిన పిల్లలలో నెందరు సోమరులో, ఎందరు అశక్తులో విచారించినవారెవ్వరు?

చిరకాలము చిత్తూరు జిల్లాలో నుండిన మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి బాల్యము ఇచట స్మరింపదగినది. 1909లో తండ్రితో అడయారు చేరిన పిదప, మైలాపూరు బడిలో, పాఠములు రాలేదని ఆయన దాదాపు ప్రతిదినమును దెబ్బలు తినెను. వసారాలో ఏడ్చుచు ప్రొద్దు గడపెను. మందబుద్ధి యని గురువుల నిశ్చయము. అందులకు చిన్ననాటి మలేరియా కారణమో, పరధ్యానమో, మఱేదియో ఇప్పుడు నిర్ణయింపబూనుట సాహసము. ఆ నిశ్చయము తప్పని మాత్రము లోకమెఱుగును. “చూచితిరా, మొద్దనిపించుకొన్నవాడే మహనీయుడాయెను” అని మనము సంతసింతుము. నాకీ సంతోషము రుచింపదు. ఆయన మహనీయుడు కాక, ఏ అంగడిలోనో పద్దులు వ్రాసికొనుచు బ్రతికియుండినచో, ఆ దెబ్బలు న్యాయమైయుండెడివా?

ఆయన పుట్టిన మరుసటి యేడే, 1896లో, ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు పదునాలుగేండ్ల బాలునొకని వర్ణించెను. కన్నులు నిర్దోషములు, గణితమున చుఱుకు, అయినను తన పేరునే అక్షరములు తాఱుమాఱు చేసి వ్రాసెడివాడు. పాఠములన్నియు నోటితోనే చెప్పినచో బడిలో వీడే మొదటివాడగునని వాని గురువు తలంచెను. నేడు దీనిని డిస్లెక్సియా యందురు. ఇది దృష్టిలోపము కాదు, బుద్ధిలోపము కాదు. అక్షరమును ధ్వనితో ముడివేయుటలో మెదడునకు గలుగు ప్రయాస. తఱచుగా వంశానుగతము.

తెలుగున వ్రాతకును పలుకునకును పొందిక గలదు కావున మనకీ బాధ లేదనువారు కలరు. పొందిక మేలే. కాని గుణింతములతో, వత్తులతో అక్షరరూపములు వందలకు పెరుగును. ప, ఫ, ష లకు భేదము చిన్న గీతయే. అట్టి బాలుడు తప్పు చదువక పోవచ్చును, కాని కూడబలుకుకొని పంక్తి ముగించునప్పటికి మొదలు మఱచును. వినికిడిచే నేర్చుట మనకు తక్కువపని కాదే! తిరుమల ధర్మగిరి వేదపాఠశాలలో గురుముఖమున విని వల్లించుటయే విద్య. అట్టి సంప్రదాయము గల మనము బుద్ధినంతయు కంటితోనే కొలుచుట వింత.

2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దండనను నిషేధించెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ లోపమును పేర్కొనెను. పరీక్షలో అదనపు సమయమిచ్చినచో సోమరులు దొంగసాకు చెప్పుదురని యొక యాక్షేపణ. చదువనివానికి మఱియొక గంట యిచ్చినను వాడేమి వ్రాయును? చదివియు వ్రాయలేనివానికే యది పనికివచ్చును. ఇంతకంటె కష్టమైనది తల్లిదండ్రుల సిగ్గు. మా వాడు సోమరి యని చెప్పుకొనుటకు వెనుదీయరు. వానికి సాయము కావలెనని చెప్పుటకు తల వంతురు.

మదనపల్లె చేరువ, కృష్ణమూర్తిగారి తలంపుననుసరించి వెలసిన రిషివ్యాలీవారు పల్లెబడులకై చీట్ల పద్ధతి నొకదానిని కల్పించిరి. ఇది ఈ లోపముకొఱకే యేర్పడినది కాదు. గోడపై నిచ్చెనవంటి పటము. ప్రతి మెట్టునకు కొన్ని చీట్లు. ఒకే గదిలో ఒకడు ముందుండును, ఒకడు వెనుకనుండును. పది దినములు బడికి రానివాడు తిరిగివచ్చి, తాను విడిచిన చీటినే తీసికొని కూర్చుండును.